విచారణ నాటి బొట్టు

టీచరు కావడానికి నాకు నేర్పిన మొదటి మోసం చేతులెత్తించడం. రాయచోటి దగ్గర ఒక కాలేజీలో డి.ఎడ్. చదువుతున్నప్పుడు టీచింగ్ ప్రాక్టీసుకని మమ్మల్ని చుట్టుపక్కల పల్లె బడులకు పంపేవారు. మేం పాఠం చెప్పే రోజు వెనక బెంచీలో పరిశీలకుడు కూర్చుంటాడు. ప్రశ్న అడగగానే ఆయన కళ్ల ముందు పిల్లలందరి చేతులూ లేవాలి. లేవకపోతే పాఠం బాగా చెప్పనట్టు. అందుకని ముందురోజే పిల్లలకు చెప్పి పెడతారు: జవాబు తెలిసినవాళ్లు కుడిచెయ్యి, తెలియనివాళ్లు ఎడమచెయ్యి. అడగ్గానే గదంతా చేతులే. టీచరు కుడిచేతుల్లోంచి ఒకరిని లేపుతుంది. వెనక కూర్చున్నాయన సంతోషంగా మార్కులు వేస్తాడు. ఆయనకు తెలియదా అంటే తెలుసు. ఆయనా ఒకప్పుడు అట్లాగే పాసైనవాడు.

నేను ఆ పని చెయ్యనన్నాను. నీళ్లు ఆవిరి కావడం గురించి నా పాఠం. ప్రశ్న అడిగితే ముందు వరుసలో రెండు మూడు చేతులు లేచాయి, అంతే. తక్కిన పిల్లలు నేల చూపులు చూశారు. "తెలియకపోతే పర్వాలేదు, యాడ తెలియలేదో చెప్పండి" అన్నాను. కిటికీ పక్కన కూర్చున్న పాప లేచి, "ఎనక సారు కూర్చున్యాడు మేడం, బయమైతాంది" అంది. గదంతా నవ్వింది. పరిశీలకుడు నవ్వలేదు.

సాయంత్రం మా లెక్చరరు పిలిచి అడిగాడు. "ఏమ్మా, నువ్వు టీచరయ్యేకి వచ్చినావా, సంఘాన్ని బాగు చేసేకి వచ్చినావా?"

"రెండూ ఒకటే కదా సార్."

"కాదు తల్లీ. మొదటిదానికి మేం సర్టిఫికెట్ ఇస్తాం. రెండోదానికి ఎవరూ ఇయ్యరు."

మార్కులు తగ్గించాడు గాని పాస్ చేశాడు. హాస్టలుకు వచ్చి ఆ మాట చెప్పుకొని పడి పడి నవ్వాము. ఇప్పుడు తలచుకుంటే నవ్వు రాదు. ఆయన నాకు ముందుగానే చెప్పాడు, నేనే వినలేదు.

మాది కోయిలకుంట్లకు అవతల నల్లరేగడి పల్లె. రోడ్డు మీంచి మా ఇళ్ల వైపు తిరిగే చోట 'ఎస్సీ కాలనీ' అని పంచాయతీ బోర్డు ఉంటుంది. ఆ బోర్డు దాటగానే కనిపించేది చర్చి. మా తాత అందులో ఉపదేశి. ఆదివారం వాక్యం చెప్పేవాడు, తక్కిన రోజుల్లో అదే అరుగు మీద పిల్లల చేత అక్షరాలు దిద్దించేవాడు. మా పేటలో చదువు మొదలైంది ఆ అరుగు మీదే. నేను ఏ దేవుణ్నీ నమ్మను. కానీ ఆ అరుగు చేసిన మేలును ఎప్పుడూ కాదనలేదు. మా తాత నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకొని తన బాప్తీస్మం కథ చెప్పేవాడు. ఊరి బావిలో ముంచలేదట, కుందూ ఏటికి తీసుకుపోయారట. ఎందుకంటే ఊరి బావి దగ్గరికి మమ్మల్ని రానివ్వరు. కొత్త దేవుని దగ్గరికి పోవడానికి కూడా పాత కులం చూపించిన దారినే పోవలసి వచ్చింది.

ట్రైనింగ్ అయ్యాక కర్నూలు వచ్చాను. ఒక ప్రైవేటు బడిలో పాఠాలు, సాయంత్రం డీఎస్సీ కోచింగు. ఆదివారాలు మాత్రం కోట బురుజుకు దగ్గర్లో ఒక మిద్దె మీద జరిగే చర్చకు పోయేదాన్ని. రిటైరైన హెడ్‌మాస్టరు ఒకాయన నడిపేవాడు. దేవుడు, కులం, పెళ్లి, జాతకం, ఏదైనా సరే, ఒకరు అవుననాలి, ఒకరు కాదనాలి, ఇద్దరూ ఆధారం చూపించాలి. "గట్టిగా అరిస్తే నిజమయ్యే పనైతే కుక్కలకు డాక్టరేట్ ఇయ్యాలప్పా" అని మావాళ్ల గొంతులు తగ్గించేవాడు. అక్కడే నాకు రాయడం అలవాటైంది. ఒక చిన్న పత్రికలో నా వ్యాసాలు వస్తుండేవి. నేను ఆదివారం కర్నూల్లో చర్చికి పోతున్నానని మా అమ్మ చాలా కాలం అనుకుంది. నిజం తెలిశాక ఒక నెల నాతో మాట్లాడలేదు.

తర్వాత మాట్లాడింది. మాట్లాడిందంటే పోట్లాడింది.

"కూలికి పొయ్యొచ్చిన కాళ్లతో ఆదివారం పొద్దున్నే ఆడికి ఉరుకుతావు. ఏమిచ్చినాడమ్మా నీ దేవుడు?" అనేదాన్ని.

"నిన్నిచ్చినాడు. అది సాలదా? నోర్మూసుకోమ్మే."

మా నాయన చనిపోయిన ఏడాది నేను రాసిన ఒక వ్యాసం విధవల బొట్టు గురించి. మొగుడు పోయిన ఆడదాని నుదురు మీద మొగుడికే హక్కేమిటి, బొట్టు పెట్టుకోవాలో వద్దో ఆమె ఇష్టం, ఈ రోజుల్లో ఎంతోమంది పెట్టుకుంటున్నారు, వాళ్లకు నా దండం అని రాశాను. మిద్దె మీద చప్పట్లు కొట్టారు. ఊరికి వచ్చినప్పుడు మా అమ్మకు చదివి వినిపించాను. ఆమె చాటలో శనగలు చెరుగుతూ విన్నది.

"మనకెందుకుమే ఈ గొడవ? మనం మొగుడున్నా పెట్టుకోం, పోయినా పెట్టుకోం."

"మన కోసం కాదమ్మా, వాళ్ల కోసం."

"అయితే పెట్టుకోమని చెప్పు" అని మళ్లీ చెరగడంలో పడింది.

మా ఇంట్లో బొట్టంటే అంతే. పెట్టుకుంటే హిందువులు, పెట్టుకోకపోతే మనవాళ్లు. మాకు తెలిసిన లెక్క అదొక్కటే.

టెట్ పాసయ్యాను. డీఎస్సీ మాత్రం రాలేదు. వస్తుందన్నారు. ఎన్నికలు వచ్చాయి, పోయాయి, మళ్లీ వస్తుందన్నారు. నాతో కోచింగులో కూర్చున్నవాళ్లలో ఒకామె చీరల కొట్లో చేరింది. ఒకతను ఇన్సూరెన్సు పాలసీలు కట్టించుకుంటూ మా బడికే వచ్చి నన్ను చూసి తల దించుకున్నాడు. ప్రైవేటు బడిలో నేను చెప్పింది పాఠం కాదు, వల్లె. పిల్లలు ప్రశ్న అడిగితే సిలబస్ వెనకబడుతుందని కరస్పాండెంటుకు కోపం. సర్కారు బడిలో ఒక గది, నా గది, ఎడమచెయ్యి ఎత్తే పిల్లలు కూడా భయం లేకుండా ఎత్తే గది, దాని కోసం పొద్దునా సాయంత్రం చదివాను. కాస్త పెద్దదాన్నయ్యాక కోచింగు పిల్లలు నన్ను 'అక్కా' అనడం మానేసి 'మేడం' అనడం మొదలుపెట్టారు. అక్కడే పాఠం చెప్పేదాన్నని అనుకునేవారు. పక్కన కూర్చొని అదే మెటీరియలు బట్టీ పడుతుంటే జాలిగా చూసేవారు.

చివరికి నోటిఫికేషన్ వచ్చింది. పరీక్ష రాశాను. ఉమ్మడి కర్నూలు జిల్లా జాబితాలో, సెకండరీ గ్రేడ్ టీచర్లలో, ఎస్సీ మహిళల కోటాలో నా నంబరు కనిపించింది. ఓపెన్‌లో రావడానికి నా మార్కులు చాలవు. కోటాలో మాత్రం చక్కగా వచ్చింది. మా అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. ఫోను చేతిలో పట్టుకొనే చర్చికి పోయి మోకాళ్ల మీద పడిందట. ఆ రోజు మాత్రం ఆమెతో వాదం పెట్టుకోలేదు.

సర్టిఫికెట్ల పరిశీలనకు కర్నూలు పోతే బల్ల అవతలి ఆయన నా కాగితాలన్నీ చూసి కుల ధ్రువపత్రం ఒక్కటి పక్కన పెట్టాడు.

"మీ మీద అర్జీ వచ్చిందమ్మా. మీరు క్రిస్టియన్లంట కదా."

చదివేవాళ్లలో తెలియనివాళ్లు ఉంటారు గనక చెప్తాను. ఎస్సీ కులంలో పుట్టినవాళ్లు క్రైస్తవం తీసుకుంటే చట్టం దృష్టిలో ఎస్సీలు కారు. బీసీల్లో ఒక చిన్న వర్గంలో పడతారు. ఆ వర్గానికి పోస్టులు చిటికెడు. నాకు వచ్చిన పోస్టు ఆ చిటికెడులోది కాదు. నేను క్రైస్తవురాలినని తేలితే పోస్టు పోతుంది. వచ్చే నోటిఫికేషన్ నాటికి నా వయసు గీత దాటుతుంది. అంటే టీచరు కావడమనేదే ఉండదు.

"నేను ఏ మతమూ పాటించను సార్" అన్నాను.

"అది నాకు చెప్తే ఏం లాభం? మీ మండలం రెవెన్యూ ఆఫీసు నుంచి ఆర్.ఐ. విచారణకు వస్తాడు. రిపోర్టు వచ్చినాకనే పోస్టింగ్ కౌన్సెలింగ్."

అర్జీ ఎవరు పెట్టారో నేను అడగలేదు. నా తర్వాత జాబితాలో ఉన్నవాళ్లెవరైనా అయ్యుండొచ్చు. వాళ్లూ ఏదో ఒక ఎస్సీ కాలనీలో, చిమ్నీ దీపం ముందు కాకపోతే బల్బు కింద, నాలాగే చదివినవాళ్లే. ఒకే చెంబు నీళ్లకు మమ్మల్నిద్దరినీ కొట్టుకోమని నిలబెట్టినవాళ్లు మాత్రం ఎక్కడా కనిపించరు.

చట్టం చెప్పే మాట నేను ఎన్నోసార్లు తిప్పి చూశాను. అంటరానితనం హిందూ మతంలో ఉంది గనక ఆ మతం వదిలితే అంటరానితనం కూడా వదిలిపోతుందట. ఇది ఎవరికి వదిలింది? కర్నూల్లో ఇల్లు అద్దెకు అడిగితే నన్ను దేవుని పేరు అడిగినవాళ్లు లేరు, ఊరి పేరు అడిగి, ఊళ్లో ఏ వైపు అని అడిగినవాళ్లే. మా ఊరి హోటల్లో మా నాయనకు టీ వేరే గ్లాసులో పోసినవాడు ఆయన ఆదివారం ఎక్కడికి పోతాడో చూసి పోయలేదు. రోడ్డు పక్కన బోర్డు పాతినవాళ్లు కూడా చర్చిని చూస్తూనే 'ఎస్సీ కాలనీ' అని పాతారు. మమ్మల్ని దూరం పెట్టేటప్పుడు మా దేవుడు ఎవరికీ అడ్డం రాలేదు. చేతికి ఏదైనా అందించవలసి వచ్చినప్పుడు మాత్రం ఆయన అందరికీ గుర్తొస్తాడు.

విచారణకు ముందురోజు మా ఊరి వీఆర్వో ఇంటికి వచ్చాడు. మంచివాడే. నాకంటే చిన్నవాడు, మా అమ్మను పెద్దమ్మా అంటాడు.

"పెద్దమ్మా, రేపు ఆర్.ఐ. సారొస్తాండాడు. గోడ మీద ఆ వాక్యాల క్యాలెండరు తీసెయ్. పుస్తకం లోపల పెట్టు. ఇంగ…" అని నా వైపు తిరిగాడు. "అక్కా, సమాధి రాయి సంగతి సూసుకోండి. పోయినసారి ఒక ఊళ్లో సారు సమాధుల కాడికి గూడా పోయినాడంట."

మా నాయన సమాధి మీద ఒక కడప బండ నిలబెట్టి ఉంది. దాని మీద సిలువ చెక్కించింది మా అమ్మే. నాకు ఆ సిలువతో పని లేదు. రాయి రాయే. నేను పది వ్యాసాల్లో రాసిన మాట అది. సాయంత్రం గడ్డపార తీసుకొని బయల్దేరాను.

మా అమ్మ వాకిట్లో అడ్డం నిలబడింది.

"యాడికి?"

"రాయి పీకేకి. మళ్లీ పెట్టిస్తాలే, పోస్టింగ్ వచ్చినాక."

"ఆడికి పోవద్దు."

"అమ్మా, అది రాయి. నాయనకు ఏం తెలుస్తాది?"

"తెలీదు. అందుకే పోవద్దంటాండా. ఆయనకు మాట్లాడేకి నోరు లేదు, అడ్డం పడేకి చేతుల్లేవు. నాకుండాయి. మారాల్సిందేదో నేను మారతా. గడ్డపార ఆడ పెట్టు."

వాదంలో ఎవరికీ ఓడిపోనిదాన్ని. గడ్డపార కొట్టంలో పెట్టాను. నా ఆధారాలన్నీ నా దగ్గరే ఉన్నాయి, ఒక్కటీ పనికి రాలేదు. ఆ సాయంత్రం మా అమ్మ క్యాలెండరు తీసింది. మేకు పీకలేదు. గోడ మీద క్యాలెండరు ఉన్న చోటు మాత్రం తెల్లగా మిగిలింది. దాని మీద ఏం తగిలించాలో మా ఇద్దరికీ తెలియలేదు. పైటకొంగు తలమీద వేసుకొని కాసేపు ఆ తెల్లటి చోటు వైపు చూస్తూ కూర్చుంది. ప్రార్థన చేసిందో లేదో నేను అడగలేదు.

పొద్దున నేను స్నానం చేసి వచ్చేసరికి మా అమ్మ చిన్న అద్దం ముందు కూర్చొని ఉంది. కోయిలకుంట్ల అంగట్లోంచి ఎప్పుడు తెప్పించిందో, కుంకుమ పొట్లం. బొటనవేలితో అద్ది, నుదురు మధ్యలో ఇంత పెద్ద బొట్టు పెట్టింది. కొంచెం ముక్కు మీద రాలింది. చేతికి ఎర్ర గాజులు. కాళ్లకు పసుపు. గడపకూ పసుపు. పుట్టినప్పటి నుంచి ఖాళీగా చూసిన ఆ ముఖం మీద బొట్టు చూసి తల తుడుచుకోవడం మరిచిపోయాను.

"బాగుండాదా?" అని అడిగింది, పెళ్లి కూతురిలాగా సిగ్గుపడుతూ. "నువ్వే కదా రాసినావు, మొగుడు పోయినా పెట్టుకోవచ్చునని, అందరూ పెట్టుకుంటాండారని."

"బాగుంది" అన్నాను. నా మనసుకు నిజంగానే బాగుంది. అందులో ఉన్న ప్రమాదం నాకు తట్టలేదు. పత్రికలో గెలిచిన వాదం ఊళ్లో కూడా గెలిచేసిందనుకునే రకం మనుషులం మేం.

ఆర్.ఐ. ఎండెక్కాక వచ్చాడు. యాభై దాటిన మనిషి, నడుం నొప్పో ఏమో, బండి దిగడానికే కష్టపడ్డాడు. వీఆర్వో కుర్చీ వేశాడు. చుట్టుపక్కలవాళ్లు గుమికూడారు. మా అమ్మ స్టీలు గ్లాసులో నీళ్లు తెచ్చి ఇచ్చింది. "బాటిల్ ఉండాదమ్మా" అని సంచిలోంచి సీసా తీసి తాగి మూత బిగించాడు. గ్లాసు మా అమ్మ చేతిలోనే ఉండిపోయింది. ఆమె దాన్ని కుర్చీ పక్కన అరుగు మీద పెట్టింది.

"వీళ్లు యా మతం?" అని గుంపును అడిగాడు.

"హిందువులే సారూ" అని అందరూ ఒక్కసారి అన్నారు. ఆదివారం మా అమ్మ పక్కన కూర్చొని పాటలు పాడేవాళ్లే అందరూ. పరిశీలకుడి ముందు గదిలాగా వాకిలంతా చేతులెత్తినట్టయింది. ఎడమచేతులు ఏవో నాకు తెలుసు. ఆర్.ఐ.కి కూడా తెలుసని ఆయన రాసుకున్న తీరులోనే తెలిసింది. నేను ఒకప్పుడు తప్పని చెయ్యనన్న పని మా కాలనీ మొత్తం నా కోసం చేసింది, నేను నోరు మూసుకొని నిలబడ్డాను.

ఆయన కాగితం తిప్పాడు. ఒకసారి కాగితం చూశాడు, ఒకసారి మా అమ్మను చూశాడు.

"అమ్మా, మీ ఇంటాయన ఉండాడా?"

"లేడు సారూ. పొయ్యి శానా ఏండ్లాయ."

"మరి బొట్టు?"

మా అమ్మ చెయ్యి నుదుటి మీదికి పోయి, తాకకుండా ఆగిపోయింది. తప్పు ఎక్కడ జరిగిందో ఆమెకు అర్థం కాలేదు. నావైపు చూసింది.

"విధవ బొట్టు పెట్టుకోకూడదని యా చట్టంలో ఉంది సార్?" అన్నాను.

"చట్టంలో లేదమ్మా. ఇండ్లల్లో ఉండాది. పట్నంలో చదువుకున్నోళ్లు పెట్టుకుంటారేమో, ఈ వయసు పల్లెటూరు మనిషి, చేతులకు ఎర్ర గాజులు, కాళ్లకు పసుపు…" ఆయన గొంతులో ఎగతాళి లేదు. అదే నాకు ఎక్కువ మండింది. "నిజం హిందువైతే పెట్టుకోదు తల్లీ. నాకు మా అమ్మ లేదా?"

భర్త చచ్చిన ఆడదాన్ని ముండను చేసే ఆచారాన్ని తగలబెట్టాలని ఇంతకాలం రాశాను. ఆ ఆచారమే ఇప్పుడు సర్కారు చేతిలో కొలబద్ద అయ్యింది. మా అమ్మ ఆ అవమానాన్ని సరిగ్గా పాటించి ఉంటే నాకు ఉద్యోగం వచ్చేది. పాటించలేదు గనక రాదు.

"సార్, మీరు మా మతం చూసేకి వచ్చినారా, మా కులం చూసేకి వచ్చినారా?"

"రెండూ."

"కులం చూసేకి ఇంత దూరం రావాల్సిన పని లేదు. మా అమ్మ ఇచ్చిన నీళ్లు అరుగు మీద ఉండాయి. మీరు మీ సీసాలోవి తాగినారు. అది రాయండి. అంతకంటే ఆధారం ఏం కావాల?"

వీఆర్వో "అక్కా, అక్కా" అంటూ చెయ్యి అడ్డం పెట్టాడు. ఆర్.ఐ. ముఖం ఎర్రబడింది. తర్వాత వంగి అరుగు మీది గ్లాసు తీసుకొని, ఒక్క గుక్క కూడా మిగల్చకుండా తాగి, గ్లాసు బోర్లించాడు.

"తాగినా. ఇప్పుడేం రాయమంటావు?"

ఆయన అవమానపడి తాగాడో, మంచితనంతో తాగాడో, నా ఆధారం మింగెయ్యడానికే తాగాడో ఈరోజుకీ నాకు తెలియదు. గుంపులో ఎవరో చిన్నగా నవ్వారు.

"చూడమ్మా" అన్నాడు ఆయన, గొంతు తగ్గించి. "నీ అంతట నువ్వు ఒక్క మాట చెప్పు. నేను హిందువునని చెప్పు. రాసుకొని పోతా. మీ అమ్మ సంగతి నేను చూల్లేదు."

అంతా నన్నే చూస్తున్నారు. ఒక్క మాట. ఆ మాటకు అవతల ఒక బడి, నల్లబల్ల, నా గది. నోరు తెరిచాను. మాట రాలేదు. అబద్ధమనే కాదు. ఆ మాట నేను చెప్తే మా తాత ఊరి బావి వదిలి కుందూ దాకా నడిచిన నడక వట్టిదైపోతుంది. ఆయన నమ్మిన దేవుణ్ని నేను నమ్మకపోవచ్చు. ఆయన ఎందుకు నడిచాడో నాకు బాగా తెలుసు.

"నేను యా దేవుణ్నీ నమ్మను సార్. మా అమ్మ ఏసును నమ్ముతాది. ఊరు మాత్రం మా ఇద్దరినీ ఒకటే అనుకుంటాది. ఈ మూడూ రాసుకోండి."

"ఇంత రాసేకి ఇందులో చోటు లేదమ్మా."

అప్పుడు మా అమ్మ నన్ను పక్కకు నెట్టి ముందుకు వచ్చింది. "దాని మాట ఇనొద్దు సారూ. అది పుస్తకాలు సదివి అట్ల మాట్లాడ్తాది. మేం హిందువులమే. తరతరాలుగా హిందువులమే. ఈ బొట్టు, నాకు తెలీక పెట్టుకున్యా, తప్పైపాయ. హిందువులమే సారూ." చేతులు జోడించింది. గాజులు గలగలమన్నాయి.

అబద్ధం చెప్పొద్దని చిన్నప్పుడు నా చెవులు మెలేసిన మనిషి. అబద్ధాలాడేవాళ్లు అగ్నిగుండంలో పడతారని ఇప్పటికీ నమ్మే మనిషి. నాకు నరకం లేదు గనక నేను నిజం చెప్పి ఊరుకున్నాను. ఆమెకు ఉంది. ఉండీ చెప్పింది.

ఆర్.ఐ. ఆమె వైపు చూడలేకపోయాడు. కాగితం మడిచి సంచిలో పెట్టుకొని, "చూస్తాలే తల్లీ" అని పోయాడు.

రిపోర్టులో ఏం రాశాడో నాకు చెప్పలేదు. పోస్టింగ్ కౌన్సెలింగ్ అయిపోయింది. నా పేరు పిలవలేదు, కొట్టెయ్యలేదు కూడా. కర్నూలు పోయి అడిగితే ఫైలు పైకి పోయిందంటారు, పై ఆఫీసులో అడిగితే కిందికే రాలేదంటారు. పోరాడమని మిద్దె మీది పెద్దాయన ఫోన్ చేస్తాడు, కోర్టుకు పోదామంటాడు. పోదాం. ఏమని పోవాలి? నేను ఎవరినని రాసి సంతకం పెట్టాలి? ప్రైవేటు బడి మానేశాను, మళ్లీ తీసుకుంటారో లేదో తెలియదు. ఊరికి వచ్చి కూర్చున్నాను. నాతో పాటు సెలెక్టయినవాళ్లు బడుల్లో చేరారు. ఫోన్లో ఫోటోలు వస్తుంటాయి, నల్లబల్ల పక్కన నిలబడి. చూసి ఫోను బోర్లిస్తాను.

కానీ నేను చెప్పాలనుకున్నది ఇది కాదు.

ఆ రోజు నుంచి మా అమ్మ బొట్టు తీయలేదు. గాజులు, పసుపు తీసేసింది. వీఆర్వో చెప్పాడు, గోరంత బొట్టైతే ఈ రోజుల్లో ముసలివాళ్లు కూడా పెట్టుకుంటున్నారని. అందుకని బొట్టు చిన్నది చేసింది. పొద్దున లేవగానే అద్దం ముందు కూర్చొని, అగ్గిపుల్లతో కొలిచినట్టు పెట్టుకుంటుంది. మళ్లీ ఎవరైనా ఎప్పుడైనా రావచ్చునని. చర్చికి పోవడం మానేసింది. ఎవరైనా చూసి మళ్లీ అర్జీ పెడతారని. చర్చి అయ్యగారు మనిషిని పంపితే, మోకాళ్లు నొప్పి అని చెప్పించింది.

పోయిన ఆదివారం గంట కొట్టారు. మా అమ్మ వాకిట్లో చాట ముందేసుకొని శనగల్లో రాళ్లు ఏరుతోంది. చర్చిలో పాట ఎత్తుకున్నారు. ఆమె పెదవులు కదిలాయి. నన్ను చూసి ఆపేసింది.

"పోమ్మా" అన్నాను. "చర్చికి పో."

తలెత్తింది. ఆ మాట నా నోట్లోంచి వస్తుందని ఆమె ఎన్నడూ అనుకొని ఉండదు. నేనూ అనుకోలేదు.

"ఇన్నాళ్లు పోవద్దంటివి కదమ్మే."

"ఇప్పుడు పొమ్మంటాండా. నేను రానా తోడు? నేను గూడా వస్తా. లోపలికొచ్చి కూర్చుంటా. పద."

"నువ్వొస్తావా?" అని నవ్వింది. నిజంగానే నవ్వింది. చాలా రోజుల తర్వాత. అంతలోనే ఆ నవ్వు పోయింది. రోడ్డు వైపు, బోర్డు వైపు చూసింది.

"నీ పోస్టింగ్ రానీ" అంది. "వచ్చినాక ఇద్దరం పోదాం."

చెమటకు బొట్టు కరిగి ముక్కు మీదికి జారుతోంది. కొంగుతో తుడవబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. లేచి లోపలికి, అద్దం దగ్గరికి పోయింది. నేను ఆమె చాట ముందు కూర్చొని రాళ్లు ఏరడం మొదలుపెట్టాను.